ఔట్‌డోర్ యూనిట్‌కి చొక్కా తొడగాలా?

ఎండలు ముదిరితే నాకొచ్చే ఉత్తరాలూ ముదురుతాయి. ఈ నెల వచ్చినవాటిలో సగానికి పైగా ఏసీలవే. గదిలో ఉండే తెల్లపెట్టె గురించి ఎవరికీ పెద్దగా బెంగ లేదు. అందరి దిగులూ బయట గోడకు వేలాడే ఆ బరువైన డబ్బా మీదే. దుమ్ము పడుతోందని ఒకరు, ఎండకి మాడిపోతోందని ఇంకొకరు, పుప్పొడి పచ్చగా పేరుకుందని మరొకరు. 27 ఏళ్లు ఆ డబ్బాలు విప్పి బిగించిన చేతులు నావి. మోకాళ్లు మొరాయించాక నిచ్చెన ఎక్కడం మానేశాను గానీ స్క్రూడ్రైవర్ ఇంకా జేబులోనే ఉంది. ఈసారికి ఉత్తరాలన్నీ ఆ డబ్బా మీదవే తీసుకున్నాను.

ప్రశ్న: బాబాయ్ గారూ, కిందటి నెల ఒకటిన్నర టన్నుల స్ప్లిట్ ఏసీ కొన్నాం. ఔట్‌డోర్ యూనిట్ మేడ మీద ఉంది. పక్కనే మట్టి రోడ్డు, దుమ్ము బాగా లేస్తుంది. మావారు రెక్సిన్‌తో దానికి నిండా కవర్ కుట్టించారు. గాలి బయటికి పోవాలి కదా అని ముందువైపు ఫ్యాన్ దగ్గర మాత్రం గుండ్రంగా కోయించారు. నాకెందుకో టెన్షన్‌గా ఉంది. అది వేసి ఏసీ నడపొచ్చా? – ఒక గృహిణి

జవాబు: వద్దమ్మా. ఇది చదివేలోపే ఆ కవర్ తొడిగేసి ఉంటే ముందు వెళ్లి తీసేసి రండి, మిగతాది తర్వాత చదువుదురు గాని.

ఫ్యాన్ దగ్గర కోయించారంటే మీవారు ఆలోచించే చేశారు. గాలి పోయే దారి చూశారు, వచ్చే దారి చూడలేదు, అంతే. ఒక చిన్న పని చేయండి. ఏసీ నడుస్తుండగా పల్చటి టిష్యూ కాగితం ఒకటి తీసుకుని యూనిట్ వెనక్కి, అంటే గోడ వైపుకి, చెయ్యి పెట్టి చూడండి. కాగితం లటుక్కున వెళ్లి అక్కడి జాలీకి అతుక్కుంటుంది. పక్కన, కనెక్షన్ల మూత లేని వైపు పెట్టినా అంతే. గాలి లోపలికి వెళ్లేది ఆ రెండు వైపుల నుంచి. ముందున్న ఫ్యాన్ దాన్ని లాగి బయటికి విసురుతుంది. ఎండాకాలం మనకి ముందునుంచి వేడిగాలి కొడుతుంది కాబట్టి పనంతా ముందువైపే జరుగుతోందనుకుంటాం. మీవారు కుట్టించిన కవర్ నోరు తెరిచి ముక్కు మూసింది.

ఆ గాలి ఎంత ముఖ్యమో లెక్క చెప్తాను. ఒక టన్ను అంటే సుమారు 3.5 కిలోవాట్ల వేడిని గదిలోంచి తోడెయ్యడం. మీది ఒకటిన్నర, అంటే 5 కిలోవాట్లు దాటింది. దానికి కంప్రెసర్ తినే కరెంటు కూడా వేడిగానే మారి బయటికి పోవాలి. రెండూ కలిపితే ఏడు కిలోవాట్లకి కొంచెం అటూ ఇటూ. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టెలు ఏడు ఒకేసారి ఆన్ చేసి ఆ డబ్బాలో పెట్టారనుకోండి. వాటన్నిటి వేడినీ ఎప్పటికప్పుడు ఊడ్చి పారెయ్యాల్సింది ఆ ఒక్క ఫ్యానే. గంటకి సుమారు 2 వేల ఘనపు మీటర్ల గాలి కాయిల్ గుండా, అంటే గ్యాస్ తిరిగే గొట్టాలకి పల్చటి రేకులు తొడిగిన ఆ జల్లెడ గుండా, పోవాలి. ఇప్పుడు చెప్పండి, దానికి రెక్సిన్ చొక్కా తొడుగుదామా?

తొడిగితే వెంటనే పేలిపోదు. అందుకే చాలామంది "మేం రెండేళ్లుగా వేస్తున్నాం, ఏం కాలేదు" అంటారు. జరిగేదంతా లోపల జరుగుతుంది. వేడి పోకపోతే గ్యాస్ పీడనం పెరుగుతుంది. ఇప్పుడు ఎక్కువగా వస్తున్న ఆర్-32 గ్యాస్ 45 డిగ్రీల దగ్గర ద్రవంగా మారాలంటే 28 బార్ల పీడనం చాలు. అదే 55 డిగ్రీలకి వెళ్తే 35 బార్లు కావాలి. అంత బరువు కంప్రెసర్ మోయాలి. కరెంటు ఎక్కువ లాగుతుంది, చల్లదనం తక్కువ ఇస్తుంది. మామూలు కంప్రెసర్ అయితే ఒళ్లు కాలిపోయి ఓవర్‌లోడ్ (మరీ వేడెక్కితే ఆపేసే రక్షణ) దగ్గర ఆగిపోతుంది, అరగంటో గంటో చల్లారితే గానీ మళ్లీ కదలదు. వేగం మార్చుకోగల ఇన్వర్టర్ రకం అయితే తనను తాను కాపాడుకోడానికి వేగం తగ్గించుకుంటుంది. మీకు ఆగినట్టు తెలియదు, గది మాత్రం చల్లబడదు.

వానకి పాడవుతుందేమో అన్న భయం అక్కర్లేదు. అది వానలో తడవడానికి తయారైన వస్తువే. మడుగులో మునగకుండా ఎత్తులో ఉంటే చాలు.

ఏసీ వాడని నెలల్లో ఏదో ఒకటి కప్పాలనిపిస్తే పైన మాత్రం, టోపీలాగా, జానెడు కిందకి దిగేలా కప్పండి. ఆకులూ పిట్టరెట్టలూ పడకుండా అది చాలు. నిండా కప్పితే లోపలి చెమ్మ బయటికి పోదు, స్క్రూలు తుప్పు పడతాయి. పైగా చీకటిగా, గాలి తగలకుండా, వెచ్చగా ఉన్న చోటు ఎలుకకి దొరికితే వదులుతుందా? ఓసారి కవర్ తీస్తే లోపల చిరిగిన గుడ్డపేలికలతో పక్క వేసుకుని నాలుగు ఎలుక పిల్లలు పడుకుని ఉన్నాయి. తల్లి అప్పటికే సెన్సర్ తీగ కొరికేసింది.

నిండా కవర్ కప్పమని నేనే చెప్పే సందర్భం ఒకటుంది. పక్కన ఇల్లు కూలగొడుతున్నా, గోడలు గీకుతున్నా, టైల్స్ కోస్తున్నా ఏసీ ఆపేసి, ఆ పని జరిగినంతసేపూ కప్పండి. పని ఆగాక తీసి, అప్పుడు ఏసీ వేసుకోండి. రెక్సిన్ కవర్ పారెయ్యొద్దు, దానికి పనికొస్తుంది. సిమెంటు దుమ్ము ఒకవేళ లోపలికి వెళ్లిపోతే కంగారుపడి నీళ్లు కొట్టొద్దు. ముందు పొడిగా, మెత్తటి బ్రష్‌తోనో వాక్యూమ్‌తోనో లాగెయ్యాలి. తడి తగిలితే అది రేకుల మధ్యే గట్టిపడి కూర్చుంటుంది.

ప్రశ్న: అయ్యా, ఔట్‌డోర్ యూనిట్ మీద నేరుగా ఎండ పడుతోందని ఆకుపచ్చ షేడ్ నెట్‌తో పందిరిలా వేయించాను. బిల్లులో పెద్దగా తేడా రాలేదు. పైగా మధ్యాహ్నం రెండు దాటితే చల్లదనం ఇంకా తగ్గినట్టుంది. నీడ మంచిదే కదా, ఎందుకిలా? – రిటైర్డ్ లెక్కల టీచర్

జవాబు: మాస్టారూ, లెక్కల మనిషి కాబట్టి బిల్లు పక్కపక్కన పెట్టి చూశారు. చాలామంది నీడ వేశాం కదా అని మనసుకి సర్దిచెప్పుకుంటారు.

నీడ మంచిదే. కానీ మనం అనుకున్నంత మంచిది కాదు. అమెరికాలోని ఫ్లోరిడా సోలార్ ఎనర్జీ సెంటర్ వాళ్లు ఇళ్ల బయట ఉన్న యూనిట్లకి నీడ కల్పించి, ముందూ వెనకా కరెంటు కొలిచి 1996లో ఆ లెక్కలు బయటపెట్టారు. మిగిలింది 3 శాతం లోపే. కారణం పై జవాబులోనే ఉంది. గంటకి 2 వేల ఘనపు మీటర్ల గాలి లోపలికి పోతోంది. ఆ గాలి మీ పందిరి కింద పుట్టింది కాదు, చుట్టుపక్కల అంతటి నుంచీ వస్తోంది. డబ్బా పైరేకు చల్లగా ఉన్నంత మాత్రాన ఆ గాలి చల్లబడదు. యూనిట్‌కి ఎండ కన్నా ముఖ్యం, అది పీల్చే గాలి ఎన్ని డిగ్రీలుంది అన్నదే.

ఇక రెండు దాటాక చల్లదనం తగ్గడం. మీరు రాయలేదు గానీ, ఆ నెట్ యూనిట్ ముందువైపు కూడా కిందకి వేలాడుతోందని నా అనుమానం. ఒకసారి చూడండి. ముందునుంచి వచ్చే గాలి లోపలికి వెళ్లిన గాలి కన్నా సుమారు 10 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుంది. దానికి దూరంగా పారిపోయే దారి ఉండాలి. నెట్టో గోడో అడ్డం తగిలితే అది వెనక్కి తిరిగి, పక్కనుంచి జారి మళ్లీ కాయిల్‌లోకే వస్తుంది. అంటే మిషన్ తను విడిచిన ఊపిరినే మళ్లీ పీలుస్తోంది.

దీన్ని నేను కళ్లారా చూశాను. ఓ ఇరుకు సందులో ఒకదాని పైన ఒకటి నాలుగు యూనిట్లు బిగించి ఉన్నాయి. పైదాని మీదే ఎప్పుడూ ఫిర్యాదు. ఇద్దరు ముగ్గురు వచ్చి వెళ్లారు, ఒకాయన పీసీబీ (మిషన్‌ని నడిపించే సర్క్యూట్ బోర్డు) కూడా మార్చాడు. నేను వెళ్లి మామూలు థర్మామీటర్‌కి దారం కట్టి పైయూనిట్ వెనక వేలాడదీశాను. సందు బయట 39 డిగ్రీలు, అక్కడ 47. కింది మూడూ కక్కిన వేడి అంతా పైకి లేచి దాని ముక్కులోకి పోతోంది. మిషన్‌లో ఏ లోపమూ లేదు. దాన్ని తీసుకెళ్లి ఖాళీ గోడకి బిగించాం, మళ్లీ పిలుపు రాలేదు.

ఈ 47 ఎందుకు పెద్ద సంఖ్యో కూడా చెప్పాలి. ఐఎస్ఓ 5151 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. మామూలుగా ఏసీ సామర్థ్యం కొలిచేది బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు. దాన్ని టీ1 అంటారు. బాగా వేడి ప్రాంతాల కోసం 46 డిగ్రీల దగ్గర కొలిచేది టీ3. డబ్బా మీద రాసున్న సంఖ్య 35 డిగ్రీలది అయితే, 47 డిగ్రీల గాలి పీల్చే మిషన్ అంత చల్లదనం ఇవ్వలేదు. గ్యాస్ చల్లబడే ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే అదే చల్లదనానికి కరెంటు 2 నుంచి 4 శాతం ఎక్కువ లాగుతుందని మా వాళ్ల మోటు లెక్క.

కాబట్టి మాస్టారూ, నెట్‌ని పైన మాత్రమే ఉంచి, యూనిట్‌కీ దానికీ మధ్య కనీసం రెండు మూడు అడుగుల ఖాళీ వదలండి. ముందువైపు, పక్కల అసలు వద్దు. వెనక గోడకి ఎంత దూరం ఉండాలన్నది మీ మిషన్‌తో ఇచ్చిన ఇన్‌స్టలేషన్ పుస్తకంలో బొమ్మ వేసి ఉంటుంది. సాధారణంగా వెనక కనీసం 10 సెంటీమీటర్లు, ఇంకా ఉంటే ఇంకా మంచిది. ముందు మీటరు, ఆపైన. యూనిట్‌ని నేరుగా స్లాబు మీద పెట్టి ఉంటే అడుగు ఎత్తు స్టాండ్ వేయించండి. ఎండకి కాగిన స్లాబుని ఆనుకుని ఉండే గాలి, అడుగు పైనుండే గాలి కన్నా వేడిగా ఉంటుంది. దుమ్మూ ఆకులూ కూడా ఎక్కువ దొర్లేది నేల మీదే.

ప్రశ్న: మా బాబుకి పుప్పొడి పడదు. ఔట్‌డోర్ యూనిట్ నిండా పసుపు రంగు పుప్పొడి ఉంది. ఏసీ వేస్తే అదే గదిలోకి వస్తుందేమోనని వేయడమే మానేశాం. ఉక్కపోతకి వాడు నిద్రపోవడం లేదు. – ఒక తల్లి

జవాబు: వెంటనే వేయండి తల్లీ, పాపం పిల్లాడు. స్ప్లిట్ ఏసీలో బయటి డబ్బాకీ లోపలి డబ్బాకీ మధ్య తిరిగేది రెండు రాగి గొట్టాల్లో గ్యాస్ మాత్రమే. గాలి తిరగదు. బయటి గాలి బయటే, గదిలో గాలి గదిలోనే. గోడకి పెట్టిన కన్నం చుట్టూ సీల్ సరిగ్గా ఉంటే చాలు. కిటికీలు తెరిచి పడుకుంటేనే వాడికి పుప్పొడి ఎక్కువ తగులుతుంది.

మీ జాగ్రత్తంతా లోపలి యూనిట్ మీద పెట్టండి. ముందు పలక ఎత్తితే జాలీల్లాంటి ఫిల్టర్లు ఉంటాయి. సీజన్‌లో రెండు వారాలకోసారి తీసి నీళ్లతో కడిగి, నీడలో పూర్తిగా ఆరాక పెట్టండి. తుమ్ములు తెప్పించేది చాలాసార్లు అక్కడి దుమ్మూ, కాయిల్ మీది బూజూ. బయట దుప్పటి ఆరేస్తే దానికి పట్టిన పుప్పొడి కూడా మంచం మీదకే వస్తుంది, అదొకటి చూసుకోండి. కిటికీ ఏసీ ఉన్నవాళ్లు మాత్రం వెంట్ అనే చిన్న మీట మూసి ఉందో లేదో చూడాలి. అది తెరిస్తే కొంచెం బయటి గాలి వస్తుంది.

ప్రశ్న: అన్నయ్యా, మా యూనిట్ పక్కన బూరుగు చెట్టుంది. కాయలు పగిలే రోజుల్లో దూదంతా వెళ్లి దాని వీపుకి అంటుకుంటోంది. కార్లు కడిగే ప్రెషర్ పంప్‌తో ఒక్క దెబ్బకి వదిలించేద్దామనుకుంటున్నాను. సరేనా? – ఒక తమ్ముడు

జవాబు: తమ్ముడూ, ఆ పంప్ నాకొకసారి చేసిన పని చెప్తాను, ఆ తర్వాత నీ ఇష్టం.

నేను పనిలో చేరిన కొత్తలో మా మేస్త్రి నన్నొక్కణ్ణే ఓ ఇంటికి పంపాడు. కాయిల్ నిండా మట్టి. మనం ఎంత స్పీడో చూపిద్దామని అచ్చం నువ్వన్నట్టే ప్రెషర్ పంప్ పెట్టి కొట్టాను. మట్టి పోయింది. దాంతోపాటు కాయిల్ సగం మేర, గాలికి పడిపోయిన వరిచేనులా, ఒక పక్కకి ఒరిగిపోయింది. ఆ అల్యూమినియం రేకుల మందం మిల్లీమీటరులో పదో వంతు ఉంటుంది. రేకుకీ రేకుకీ మధ్య సందు మిల్లీమీటరున్నర. వేలితో గట్టిగా రాసినా వంగుతాయి. వంగిన చోట గాలి దూరదు. దుమ్ము ఉన్నప్పుడే అంతో ఇంతో గాలి ఆడేది, నేను కడిగాక అదీ పోయింది. ఆ సాయంత్రం చీకటి పడేదాకా ఫిన్ దువ్వెన (వంగిన రేకులు నిలబెట్టే దువ్వెన) పట్టుకుని ఒక్కో వరసా దువ్వాను. ఇంటావిడ రెండుసార్లు వచ్చి చూసి, జాలిపడి స్టూల్ వేసి వెళ్లింది. మా మేస్త్రి తిట్టలేదు, నవ్వాడు. అదే ఎక్కువ బాధనిపించింది.

దూదికి పద్ధతి వేరు. ముందు ఎంసీబీ దగ్గర, అంటే ఏసీకి కరెంటు ఇచ్చే బ్రేకర్ స్విచ్ దగ్గర, పూర్తిగా ఆపెయ్యి. రిమోట్‌తో ఆపితే ఆగినట్టు కాదు. పది నిమిషాలు ఆగు. ఇన్వర్టర్ బోర్డులో ఉండే కెపాసిటర్లు కరెంటు తీశాక కూడా కాసేపు కొట్టగలవు. ఆ తర్వాత తడి తగలనివ్వకుండా వెనక నుంచి చేత్తోనే మెల్లగా పట్టుకుని లాగు. ఎండిన దూది, పుప్పొడి, సన్నదుమ్ము కలిసి ఉన్నిదుప్పటిలా ముద్దకడతాయి. ఒక మూల పట్టుకుని లాగితే పొరలా ఊడి వస్తుంది. ఆ పొర ఊడేటప్పుడు కింద రేకులు తళతళా కనపడతాయే, ఈ పనిలో నాకు ఇప్పటికీ ఇష్టమైంది అదే. తడిపావంటే మాత్రం అది రేకుల సందుల్లోకి ఇరుక్కుని జిగురులా పట్టేస్తుంది. చేతికి రానిది మెత్తటి బ్రష్‌తో, రేకులు నిలువుగా ఉన్నాయి కాబట్టి పైనుంచి కిందకే లాగు. అడ్డంగా వద్దు.

నీళ్లు ఆ తర్వాతే. మామూలు గొట్టం, తోటకి నీళ్లు పెట్టే ఒత్తిడి చాలు. వీలైతే లోపల నుంచి బయటికి కొట్టాలి. దుమ్ము బయటి నుంచి లోపలికి వెళ్లింది కదా, వచ్చిన దారినే వెనక్కి తోలాలి. బయట నుంచి కొడితే పైది పోయినట్టుంటుంది గానీ, రెండు వరసల కాయిల్ అయితే మధ్యలోకి పోయి కూర్చుంటుంది, అది ఇక ఎవరికీ కనపడదు. దానికి పైమూత, ముందు పలక తీయాలి. ఆ పని వచ్చినవాళ్లతో చేయించుకో. నువ్వే చేసేట్టయితే బయట నుంచే, నిదానంగా, పైనుంచి కిందకి నీళ్లు జారేలా వదులు. గొట్టాలు వచ్చే వైపు, లోపల పైభాగంలో కరెంటు పెట్టె ఉంటుంది, అటు నీళ్లు పోనీకు. యాసిడ్ అసలే వద్దు. నురగ వచ్చి తెల్లగా మెరిస్తే భలే శుభ్రం చేశాడనుకుంటాం, తీరా ఆ మెరుపు రేకు పైపొర కరిగి వచ్చిందే. నీలం రంగో బంగారు రంగో పూత ఉన్న రేకులైతే ఆ పూతే తుప్పు నుంచి కాపాడేది, దాన్నే పోగొట్టుకున్నట్టవుతుంది. వంటింటి ఎగ్జాస్ట్ దగ్గర ఉండి జిడ్డు పట్టిన యూనిట్‌కి మాత్రం ఉత్త నీళ్లు చాలవు. కొంచెం సబ్బునీళ్లు కొట్టి, నాననిచ్చి, మళ్లీ మంచినీళ్లతో కడిగితే వదులుతుంది. పూర్తిగా ఆరాకే ఎంసీబీ వెయ్యి.

చెట్టు మాత్రం కొట్టెయ్యకు. కాయలు పగిలే ఆ కొన్ని వారాలూ వారానికోసారి ఆ దుప్పటి ఊడదీస్తే సరిపోతుంది.

ప్రశ్న: కాయిల్ వెనక దోమతెర కడితే దుమ్ము దానిమీదే ఆగిపోతుంది కదా? – ఒక విద్యార్థి

జవాబు: ఆగుతుంది. గాలి కూడా ఆగుతుంది. దోమతెర కొత్తగా ఉన్నప్పుడే కొంత గాలిని అడ్డుకుంటుంది, రెండు వారాల్లో దుమ్ము పట్టి గోడలా తయారవుతుంది. కాయిల్ దుమ్ముతో మూసుకుపోడానికి కనీసం నెలలు పడుతుంది. తెర మూసుకుపోడానికి రోజులు చాలు. దూది, ఎండుటాకులు ఎక్కువగా పడేచోట, వేలు దూరేంత పెద్ద కన్నాల జాలీ, సులువుగా ఊడి వచ్చేలా, కాయిల్‌కి కాస్త ఎడంగా పెట్టుకోవచ్చు. వారానికోసారి దులిపే ఓపిక ఉంటేనే. ఫిల్టర్ గుడ్డ, స్పాంజి, పాత చీర లాంటివి ఎంతమాత్రం వద్దు.

ప్రశ్న: సార్, మధ్యాహ్నం ఏసీ నడుస్తుండగా బయటి యూనిట్ మీద బకెట్‌తో నీళ్లు పోస్తే గది తొందరగా చల్లబడుతోంది. రోజూ పోస్తున్నాను. తప్పేమైనా ఉందా? – దుకాణం నడుపుకునే ఒక పాఠకుడు

జవాబు: మీరు చూసింది నిజమే. నీరు ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతుంది, పీడనం పడిపోతుంది, మిషన్ తేలికపడుతుంది. బాధల్లా నీరు ఆవిరయ్యాక మిగిలేదానితోనే. బోరునీళ్లు కాచే గిన్నె అడుగు ఎలా తెల్లబడుతుందో చూశారుగా, అదే తెల్ల పొర రేకుల మధ్య రోజుకింత పేరుకుంటుంది. దుమ్ము అయితే కడిగితే పోతుంది. ఈ పెంకు పోదు. ఒకటి రెండేళ్లలో మీరు పోసిన నీళ్లే మిషన్‌కి కంబళి కప్పేస్తాయి. పైగా తిరిగే ఫ్యానూ కరెంటూ ఉన్నచోట బకెట్ ఎత్తి పోయడం నాకు నచ్చదు. ఆ పోసే నీళ్లేవో నెలకోసారి, ఏసీ ఆపి, చల్లారాక, కాయిల్ కడగడానికి వాడండి.

ప్రశ్న: ప్రతి ఎండాకాలం ఇదే గోల. చల్లదనం తగ్గిందని పిలిస్తే వచ్చినాయన పది నిమిషాల్లో "గ్యాస్ అయిపోయింది" అని ఎక్కించి వెళ్తాడు. నాలుగేళ్లలో నాలుగుసార్లు. ఎక్కించిన వారం బాగుంటుంది, తర్వాత మామూలే. మమ్మల్ని మోసం చేస్తున్నారా? – విసిగిపోయిన ఒక పాఠకురాలు

జవాబు: మోసమో, తొందరో, తెలియకపోవడమో ఇక్కణ్ణుంచి నేను చెప్పలేను. గ్యాస్ అనేది పెట్రోల్ లాంటిది కాదు మేడమ్, వాడితే అయిపోదు. సీలు వేసిన గొట్టాల్లో అదే గ్యాస్ మిషన్ బతికినంత కాలం తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో లీక్ ఉన్నట్టు. లీక్ వెతికి మూయకుండా ఎక్కిస్తే చిల్లికుండలో నీళ్లు పోసినట్టే.

చాలా ఇళ్లలో అసలు లీకే ఉండదు. కాయిల్ నిండా దుమ్ము ఉంటుంది. లక్షణం ఒకటే కదా, గది చల్లబడదు. అందుకే రెండిటినీ వేరు చేసి చూడాలి. దుమ్ము పట్టిన మిషన్ రాత్రిపూట, తెల్లవారుజామున బాగా పనిచేస్తుంది, మధ్యాహ్నం మాత్రం చేతులెత్తేస్తుంది. బయటికొచ్చే గాలి పల్చగా, మరీ వేడిగా ఉంటుంది. గ్యాస్ తగ్గిన మిషన్‌కి రాత్రీ పగలూ తేడా ఉండదు. లోపలి కాయిల్ మీదో, బయట సన్నగొట్టం వాల్వ్ దగ్గరో మంచు కడుతుంది. గొట్టాల జాయింట్ల దగ్గర నూనె మరక కూడా కనపడొచ్చు, గ్యాస్‌తోపాటు కంప్రెసర్ నూనె కొంచెం బయటికొస్తుంది కాబట్టి.

దుమ్ము పట్టిన మిషన్‌లో పీడనం అసలే ఎక్కువగా ఉంటుంది. దానికి ఇంకా గ్యాస్ ఎక్కిస్తే మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టే. మరి ఆ వారం ఎందుకు బాగుంటుందంటారా? గ్యాస్ ఎక్కించేముందు చాలామంది పైపైన నీళ్లు కొడతారు. బాగు చేసింది ఆ నీళ్లు, పేరు గ్యాస్‌ది.

ఈసారి ఎవరొచ్చినా "ముందు మూత విప్పి కాయిల్ కడగండి, ఆరాక ఓ పావుగంట నడిపించి అప్పుడు గేజీ పెట్టి పీడనం చూడండి" అని అడగండి. నిజంగా తగ్గితే లీక్ ఎక్కడో చూపించమనండి. మీ మిషన్‌లో ఉన్నది ఆర్-410ఏ రకం గ్యాస్ అయితే అది రెండు గ్యాసుల మిశ్రమం, లీక్ అయినదానికి పైపైన కలపడం కన్నా ఉన్నది తీసేసి, వాక్యూమ్ చేసి (గొట్టాల్లోని గాలి పంపుతో లాగేసి), తూకం వేసి కొత్తగా ఎక్కించడమే పద్ధతి. ఎన్ని గ్రాములో యూనిట్ పక్కన అంటించిన చీటీ మీద ఉంటుంది. తూకం లేకుండా చేతి అంచనాతో ఎక్కించేవాణ్ణి నేనైతే రెండోసారి పిలవను.

ప్రశ్న: బల్లి దూరి పీసీబీ కాలిపోయిందన్నారు. నమ్మొచ్చా? – ఒక పాఠకుడు

జవాబు: నమ్మొచ్చు. వెచ్చదనానికి వస్తాయి, రెండు టెర్మినల్స్ మీద కాళ్లు పెడతాయి, అవీ పోతాయి, బోర్డూ పోతుంది. చీమలు కూడా తక్కువేం కాదు. తీగలు దూరే కన్నాల దగ్గర రబ్బరు బిరడా ఊడిపోయి ఉంటుంది, అది పెట్టించండి. గాలి జాలీలు మాత్రం మూయకండి. యూనిట్ నేల మీద ఉండి, కుక్క రోజూ దాని మూల దగ్గరే కాలెత్తుతుంటే స్టాండ్ ఎత్తు చేయించండి, ఆ మూత్రానికి రేకులు పొడిపొడిగా రాలిపోతాయి.

ప్రశ్న: కాయిల్ కడిగించాల్సిన సమయం వచ్చిందని ఎలా తెలుసుకోవాలి? ఏడాదికోసారి చాలా? – ఒక కొత్త జంట

జవాబు: మట్టి రోడ్డు పక్కన మూడు నెలలకే నిండిపోయిన కాయిల్ చూశాను, నాలుగో అంతస్తులో రెండేళ్లయినా శుభ్రంగా ఉన్నదీ చూశాను. కాబట్టి క్యాలెండర్ చూడకుండా కాయిల్ చూడండి. చీకటి పడ్డాక, ఏసీని ఎంసీబీ దగ్గర ఆపేసి ఇద్దరూ వెళ్లండి. ఒకరు టార్చి పట్టుకుని వెనక, గోడకీ యూనిట్‌కీ మధ్య సందులోంచి కాయిల్ మీద వెలుగు వేయండి. ఇంకొకరు ముందు ఫ్యాన్ జాలీలోంచి లోపలికి చూడండి. సన్నటి గీతలు గీతలుగా వెలుగు రేకుల మధ్య నుంచి వస్తే ఇంకా టైముంది. కొన్నిచోట్ల వచ్చి కొన్నిచోట్ల నల్లగా కనిపిస్తే ఆ వారంలోనే కడిగించండి. అసలు వెలుగే రాకపోతే కడిగించేదాకా మధ్యాహ్నాలు వేయకండి, రాత్రిళ్లు నడుపుకోండి. మేడ మీద పిట్టగోడ ఎత్తు తక్కువగా ఉంటే మాత్రం వెలుతురు ఉండగానే ఎక్కి, చూసుకుని దిగిపోండి. టార్చి పగలు కూడా పనిచేస్తుంది, కాకపోతే నీడ కోసం జాలీకి రెండు చేతులూ అడ్డం పెట్టుకోవాలి.